ఓడకు దారి చూపినవాడు

కమురాస్కా,
1764, జూన్ 9.

బావ ఇగ్నాస్‌కి,

ప్రభువు దయవల్ల ఇక్కడ మేము ప్రాణాలతో ఉన్నాం. లా రోషెల్‌లో నువ్వూ, మా చెల్లి తెక్లా ఒంట్లో కులాసాగా ఉండి, నా దస్తూరీ చూడగానే ఈ కాగితం చించెయ్యకుండా ఉంటే అదే పదివేలు. ఫ్రాన్సు వెళ్ళిపోతున్న ఒక కుటుంబం దీన్ని నీకు చేరుస్తామన్నారు. నువ్వు నాతో మాట్లాడి నాలుగేళ్ళు దాటింది.

ఈ ఏడు నది మీద మంచు ఆలస్యంగా విరిగింది. తెల్ల తిమింగలాలని పట్టడానికి నదిలో పాతిన కర్రల దడి సగం కొట్టుకుపోయింది. మేపుల్ చెట్ల పాకం మాత్రం బాగా దిగింది. ఇంగ్లీషువాళ్ళు తగలబెట్టిన మీ ఇంటి గోడలు అలాగే నిలబడి ఉన్నాయి. లోపల కోరిందపొదలు పెరిగాయి. పొగమంచు పట్టిన పొద్దున అటు చూస్తే, చెల్లి పొయ్యి రాజేసినట్టే ఉంటుంది. రెండుసార్లు తలుపు తట్టబోయాను. తలుపు లేదు.

ఐదేళ్ళ కిందట, ఇంగ్లీషువాళ్ళతో యుద్ధం నడుస్తున్న ఆ జూన్ నెల సంగతి నీకు సగమే తెలుసు బావా. ఓడలు కనపడగానే ఊరంతా ఒడ్డుకి పరుగెత్తింది. అన్నిటి మీదా మన ఫ్రాన్సు రాజుగారి లిల్లీపూల జెండాలే. పిండీ, మందుగుండూ వచ్చాయనుకున్నాం. ఎప్పటిలా క్యూబెక్ దాకా ఓడలకి దారి చూపించడానికి నేను బయల్దేరుతుంటే, మా ఆవిడ ఉర్సుల్ వెనకనుంచి, "మంచి చొక్కా తొడుక్కో, కెప్టెన్ ముందు చేపలమ్ముకునేవాడిలా నిలబడకు" అని కేకేసింది. నవ్వుకుంటూ పడవ వేసుకెళ్ళి, తాడు నిచ్చెన ఎక్కి, టోపీ తీసి దండం పెట్టాను. ఒక్కడూ మన భాషలో బదులు పలకలేదు. తలెత్తేసరికి మన జెండా కిందికి దిగుతోంది, ఇంగ్లీషువాళ్ళ జెండా పైకెక్కుతోంది. ఒడ్డున మనవాళ్ళ కేకలు ఇంకా సంతోషంగానే వినపడుతున్నాయి. అంత దూరం నుంచి వాళ్ళకేం తెలుస్తుంది!

ఓర్లియాన్ దీవి దగ్గరి ఇరుకుదారికి చేరేముందు కెప్టెన్ వచ్చీరాని ఫ్రెంచిలో, "ముసలాయనా, ఓడ నేలకి తగిలిందా, నిన్ను తెరచాప కొయ్యకి ఉరేస్తా" అన్నాడు. "నేను వేలాడేలోపు నువ్వు మునుగుతావులే" అన్నాను. పెద్దగా నవ్వి నాకు రమ్ము పోయించాడు. తాగాను. అది కూడా తెలుసుకో.

దాటించాను. ఆ వెనకే మిగతా ఓడలూ దాటాయి. సెప్టెంబరులో, ఆ ఓడల్లో వచ్చిన సైన్యంతో పోరాడుతూ క్యూబెక్ గోడల బయట నీ కొడుకు బాసిల్ నేలకొరిగాడు. ఇరవైరెండేళ్ళవాడు. వాడికి తెడ్డు పట్టడం నేర్పింది నేనే.

నువ్వు ఫ్రాన్సుకి ఓడెక్కుతూ, "వాణ్ణి చంపింది ఇంగ్లీషువాడి తూటా కాదురా ప్రిస్క్, నీ చెయ్యి" అన్నావు. "మెడకి తాడు చూపిస్తే నేనేం చెయ్యను బావా" అని నేను ఏడ్చాను. రేవులో అందరూ నన్నే సమర్థించారు. చెల్లి మాత్రం నా మొహంలోకి అదోలా చూసింది.

మళ్ళీ చుక్కాని ముట్టుకోలేదు. మొన్న ఇంగ్లీషు అధికారి ఒకడొచ్చి ఓడలు నడపమని బతిమాలాడు. బఠాణీ చేను చూసుకోవాలి, కుదరదన్నాను. కలలో మటుకు నది వెనక్కి పారుతుంది. ఓడలన్నీ చప్పుడు చెయ్యకుండా సముద్రంలోకి జారిపోతుంటాయి. బాసిల్ ముందు కూచుని గుండుతాడు వదిలి లోతు కొలుస్తుంటాడు. "ఇంకా నీళ్ళున్నాయి మామయ్యా" అంటాడు.

చెల్లికి నా దీవెనలు. నువ్వు జవాబు రాయకపోయినా తప్పుపట్టను.

నీ బావమరిది,
ప్రిస్క్ సవార్

తా.క. రేవులో నేనన్నది అబద్ధం, బావా. ఇరుకుదారి నడుమ పొగమంచు దిగింది. కెప్టెన్ తన వేళ్ళే తనకి కనపడక చుక్కాని నా చేతికే వదిలేశాడు. ఆ పొగమంచులో ఓడని రాళ్ళకి తగిలించినా నా తప్పనడానికి ఎవరికీ నోరు రాదు. తగిలించాలనే అనుకున్నాను. కానీ నలభై ఏళ్ళలో నా చేతి కింద ఒక్క ఓడా నేల తాకలేదు. ఆ రోజు నీళ్ళు పట్టుబట్టలా జారుతున్నాయి, అంత పెద్ద ఓడ నా అరచేతి మాట వింటోంది. భయం వెయ్యలేదు. ఇంగ్లండు గుర్తులేదు, ఫ్రాన్సు గుర్తులేదు, మనవాళ్ళెవరూ గుర్తులేరు. ఓడ చక్కగా దాటాలనుకున్నాను. అంతే.