మార్కండేయ గల్లీ తప్ప

నవంబర్ 3, సోమవారం

ఒకరికి సాయం అడగాలంటే వాళ్ల గురించి ఎంత చెప్పాలి?

యూనివర్సిటీ రోజుల నుంచి ఈ ప్రశ్న నాతోనే ఉంది. హాస్టల్ మెస్‌లో వంట చేసే ఒకామె కోసం అప్పుడు గది గదికీ తిరిగి చందా అడిగాను. ఆమె భర్త కొడతాడని చెప్పిన గదుల్లో ఎక్కువ ఇచ్చారు. చెప్పకపోయినా ఇచ్చేవారేమో, తెలియదు. ఆ తర్వాత చదువు అయిపోయేదాకా ఆమె నాకు అన్నం వడ్డించేటప్పుడు తలెత్తలేదు.

ఇప్పుడు అడగడమే నా పనైంది. కాలేజీలో తెలుగు చెప్పి ఇంటికొచ్చాక కాలనీ కమిటీ ప్రోగ్రాములకు ప్రకటన రాసేదీ నేనే, చదివి రికార్డు చేసేదీ నేనే. మొగిలి తన ఆటో మీద రెండు మైకులు కట్టి నా గొంతును గల్లీలన్నీ తిప్పుతాడు. కూరగాయల బండి దగ్గర నన్నెవరూ గుర్తుపట్టరు. వంకాయ ఎంత అని అడగ్గానే గుర్తుపడతారు.

ఈ నెల లిస్టు: తొమ్మిదిన రక్తదానం. పదహారున డ్యామ్ దగ్గర కార్తీక వనభోజనాలు. ఇరవై మూడున ఫుడ్ మేళా. ఇంటికొక వంటకం చేసి తేవాలి, అమ్మగా వచ్చిందంతా ఒకరి వైద్యానికి. ఆ ఒకరెవరో ఇంకా తేలలేదు.

నవంబర్ 6, గురువారం

తేలింది. రాజక్క బిడ్డ రేవతి.

రాజక్క మా వెనక మార్కండేయ గల్లీలో ఉంటుంది. జాకెట్లు కుడుతుంది. ఆమె భర్త సిరిసిల్లలో సాంచెలు, అంటే మరమగ్గాలు, నడుపుతాడు, నెలకోసారి వస్తాడు. రేవతికి పందొమ్మిదేళ్లు, డిగ్రీ సెకండియర్. గుండెలో ఒక వాల్వ్ పాడైందట. ఆపరేషన్ ఆరోగ్యశ్రీలో అయిపోతుంది. కానీ రెండు నెలలు హైదరాబాద్‌లో గది తీసుకొని ఉండాలి, అన్నాళ్లూ కుట్టుమిషన్ బంద్. మేళా అందుకు.

ఈ సంగతంతా కమిటీ ప్రెసిడెంట్ రోజారాణి గారింట్లో తలుపు పక్కన నిలబడి చెప్పింది. మేం తొమ్మిది మందిమి కూర్చొని విన్నాం. కూర్చో అంటే, నిలబడితేనే మంచిగ చెప్పొస్తది అన్నది.

తిరిగి వచ్చేటప్పుడు నాతో నడిచింది. పోరికి తెల్వదు మేడం, రక్తం తక్కువున్నదని చెప్పిన, అన్నది. గుండె అంటె అదురుకుంటది, పరీక్షలున్నయి, హైదరాబాదుల డాక్టరే చెప్తడు తియ్యి, అన్నది.

నేను మంచిదనలేదు, చెడ్డదనలేదు. నా అలవాటే అంత.

నవంబర్ 8, శనివారం

మొదటి డ్రాఫ్ట్‌లో పేరు రాయలేదు. మన కాలనీ విద్యార్థిని ఒకరి వైద్యం కోసం అని రాశాను. రోజారాణి గారు చదివి కాగితం నా చేతిలోనే పెట్టారు. ఎవలికో తెల్వకుంట ఎవలు వండుతరు నవీనా, పేరు లేకుంటె కమిటోళ్లే తిన్నరంటరు, అన్నారు. చావు బతుకుల మధ్య అనే మాట ఒకటి పెట్టమన్నారు. ఏడుపు రావాలట.

రాజక్క బిడ్డ రేవతి అని పేరు పెట్టాను. వాల్వ్ సంగతి పెట్టాను. చావు బతుకులు పెట్టలేదు. పెట్టనందుకు నాకు నేను గొప్పగా అనిపించాను కాసేపు. తర్వాత అనిపించలేదు.

నవంబర్ 9, ఆదివారం

రక్తదానం. కమ్యూనిటీ హాల్లో మంచాలు చాలక పిల్లలు క్యూలో సెల్ చూసుకుంటూ నిలబడ్డారు. మా ఆయన అరుణ్ కూడా ఇచ్చాడు, ఇచ్చి ఇంటికొచ్చి నాలుగు గంటలు పడుకున్నాడు. అంత అవసరం లేదని డాక్టర్ చెప్పాడు.

హాలు బయట రాజక్కకు ప్రకటన చదివి వినిపించాను. కళ్లు మూసుకొని విన్నది. బిడ్డ పేరు వచ్చిన చోట కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. సరే తియ్యండి మేడం, అన్నది. కానీ ఒక షరతు. ఆటో మార్కండేయ గల్లీకి రావద్దు. వేరే గల్లీలలో కూడా పదింటి తర్వాతే తిప్పాలి, అప్పటికి రేవతి కాలేజీలో ఉంటుంది.

ఊరంతా విన్నాక ఆ పిల్ల చెవిన పడకుండా ఎలా ఉంటుందని అడిగాను. మేళా ఆదివారం దాక ఆగితె సాలు మేడం, తెల్లారి బస్సెక్కిస్త, అన్నది.

మాట ఇచ్చాను. రూట్ రాసి మొగిలికి పంపేది నేనే కాబట్టి నన్నే అడిగింది, నేనే ఇచ్చాను.

నవంబర్ 10, సోమవారం

రికార్డింగ్. ఫ్యాన్ ఆపి, కిటికీలు వేసి, ఫోన్‌ను పుస్తకాల మధ్య నిలబెట్టి. మొదటిసారి సరిగ్గా వాల్వ్ అన్న చోట కుక్కర్ కూసింది. రెండోసారి అరుణ్ తుమ్మాడు. నాలుగోది బాగుంది.

మొగిలి విని, మీరు ఏడ్వకుంట సదువుతరు మేడం, గందుకే జనం నిలవడి ఇంటరు, అన్నాడు. మెచ్చుకోలుగానే అన్నాడనుకుంటాను. పద్దెనిమిదో తేదీ నుంచి తిప్పుతాడు.

నవంబర్ 13, గురువారం, ఉదయం 8

గ్రౌండ్‌కు వాకింగ్‌కి వెళ్లాను. రేవతి పరుగెడుతోంది.

కానిస్టేబుల్ నోటిఫికేషన్ వస్తుందని ఈ మధ్య పిల్లలంతా పొద్దున్నే అక్కడే ఉంటున్నారు. ఎనిమిది వందల మీటర్లు ఐదు నిమిషాల చిల్లరలో కొట్టాలట. రేవతి రెండు రౌండ్లు ఆగకుండా వేసి, మోకాళ్ల మీద చేతులు పెట్టుకొని వంగింది. చాలాసేపు లేవలేదు. నేను దగ్గరికి వెళ్లేసరికి పెదవుల చుట్టూ రంగు మారి ఉంది.

నన్ను చూసి నవ్వింది. నాలుగు నెలల సంది కొడుతున్న మేడం, టైం తగ్గుడు పోయి పెరుగుతున్నది, రక్తం తక్కువున్నదట కదా, గోళీలు ఏసుకుంటున్న, అన్నది. అవ్వకు చెప్పకుండ్రి, ఉత్తగనే పరేషానయితది, అన్నది.

నేను నిలబడి ఉన్నాను. నీ గుండెలో వాల్వ్ పాడైందమ్మా అనే మాట పూర్తిగా నా నోట్లో ఉంది. ఇంట్లో నాలుగుసార్లు చదివిన వాక్యమే. బయటికి రాలేదు.

నవంబర్ 14, శుక్రవారం

రాజక్కకు చెప్పాను. రేవతి వద్దన్నా చెప్పాను. ఇప్పటికైనా ఆ పిల్లకు అసలు సంగతి చెప్పు, పరుగు ఆపేది అదొక్కటే అన్నాను.

రాజక్క మిషన్ తొక్కడం ఆపలేదు. పోలీసైతనని ఒక్కటే ధ్యాస మేడం దానికి, డ్రస్సేసుకొని అద్దంల చూసుకునేటట్టు కలలు పడ్తయట, గా కల నా నోటితోని ఎట్ల తీసేయాలె, మీరు చెప్పండ్రి, అన్నది. పరుగు సంగతి నేను చూసుకుంట, అన్నది.

నవంబర్ 15, శనివారం

రాజక్క, రేవతి బూట్లు బియ్యం డబ్బాలో దాచిందట.

నవంబర్ 16, ఆదివారం

వనభోజనాలు. నూటయాభై మంది. పులిహోర ఎక్కువై మిగిలింది, పచ్చిపులుసు చాలలేదు. ఎప్పటిలాగే.

తిన్నాక ఆటలు పెట్టారు. ఆడపిల్లలకు పరుగుపందెం అని మైకులో అనగానే రేవతి చున్నీ నడుముకు కట్టుకొని లేచింది. రాజక్క అటు కట్ట దగ్గర గిన్నెలు కడుగుతోంది. కమిటీ వాళ్లం వరసగా కుర్చీల్లో ఉన్నాం. రోజారాణి గారు నా వైపు చూశారు. నేను ఆమె వైపు చూశాను. ఎవరూ వద్దనలేదు. ఏమని వద్దంటాం?

చెప్పుల్లేకుండా ఉరికింది. మొదటొచ్చింది. కుర్చీల్లో ఉన్న తొమ్మిది మందిలో ఒక్కరూ చప్పట్లు కొట్టలేదు. దాని గుండె వైపే చూస్తున్నాం.

బహుమతి స్టీలు డబ్బా తీసుకొని నా దగ్గరికే వచ్చింది. ఆయాసంతో మాట తెగుతోంది. నేను గెలిస్తె ఎవ్వలు సప్పట్లు కొడ్తలేరేంది మేడం, మీకు గిట్ట నచ్చలేదా, అన్నది. రేపు దోస్తు బూట్లు తీసుకొని గ్రౌండ్‌కు పోతానని కూడా చెప్పింది.

నవంబర్ 17, సోమవారం, సాయంత్రం 6

మొగిలికి రూట్ పంపాను.

నవంబర్ 18, మంగళవారం

పొద్దున ఎనిమిదింటికి మొగిలి ఫోన్. మార్కండేయ గల్లీలో ఉన్నానన్నాడు. నాకు వెంటనే ఏమీ అర్థం కాలేదు, లేదా అయింది.

నల్లా దగ్గర నీళ్లు పట్టే ఆడవాళ్లంతా రేవతినే చూశారట. రేవతి బిందె కింద పెట్టి ఆటోకు అడ్డం నిలబడిందట. అన్నా, మల్లొక్కసారి పెట్టు, అన్నదట. పెట్టాడు. ఇంకోసారి పెట్టమన్నది. మూడోసారి పూర్తిగా విని, పక్కకు జరిగి ఆటోకు తొవ్వ ఇచ్చిందట. ఏమన్న తప్పయిందా మేడం, మీరు పంపిన లిస్టే పట్టుకొని తిరుగుతున్న, అన్నాడు.

ఫోన్ తీసి చూశాను. నిన్న సాయంత్రం నేను కొత్తగా ఏమీ రాయలేదు. బతుకమ్మ అప్పటి రూట్‌నే ఫార్వర్డ్ చేశాను. పద్నాలుగు గల్లీలు, మార్కండేయ గల్లీ తొమ్మిదోది. టైము ఉదయం ఏడు నుంచి.

కాలేజీకి సెలవు పెట్టాను. ఏం చేయడానికో తెలియదు. బట్టలు మడతపెట్టాను.

నవంబర్ 19, బుధవారం

రాజక్క వచ్చింది. కుట్టమని ఇచ్చిన నా జాకెట్ బట్ట కుట్టకుండానే తెచ్చి టీపాయ్ మీద పెట్టింది.

గింత సదువు సదివిన్రు, గంపెడు కాగితాలు రాస్తరు, గా ఒక్క గల్లీ పేరు కొట్టేసుడు చాతకాలేదా మేడం, అన్నది. గొంతు పెంచలేదు. పెంచితే నాకు తేలికయ్యేది. రేవతి అన్నం తినట్లేదట. తల్లితో మాట్లాడట్లేదట. నిన్నటి నుంచి గోడ వైపు తిరిగి పడుకుందట. గ్రౌండ్‌కు మాత్రం పోలేదు.

గుమ్మం దాకా వెళ్లి ఆగింది. యాది మర్సిన్రు గదా మేడం, అన్నది. ఆ మాట నేను తీసుకోవాలని చూసింది. తీసుకుంటే రేపటి నుంచి మళ్లీ మాట్లాడుకోవచ్చు.

అవును, మర్చిపోయాను అన్నాను.

గంతే తియ్యి, మన్సులం గదా, అని వెళ్లిపోయింది. బట్ట ఇక్కడే ఉంది.

నవంబర్ 20, గురువారం

ఈరోజు రేవతి.

కుర్చీలో కూర్చోమంటే తల్లిలాగే నిలబడింది. మొదటిసారి విన్నప్పుడు ఇంకెవరో రేవతి అనుకుందట. మన గల్లీల ఇంకో రాజక్క యాడున్నదని ఆలోచించిన మేడం, ఒట్టు, అన్నది. నల్లా దగ్గరున్న వాళ్ల మొఖాలు చూశాక తెలిసిందట.

కోపంగా ఉన్నట్టు లేదు. చాలా శుభ్రంగా తల దువ్వుకొని వచ్చింది. డాక్టరు కాగితాలన్నీ తల్లి దగ్గర గుంజుకొని చదివిందట, సగం అర్థం కాలేదట, నాకేమైనా అర్థమవుతాయేమోనని తెచ్చింది. ఇద్దరం కలిసి చదివాం. నాకూ సగమే అర్థమైంది.

లేచేటప్పుడు అడిగింది. మీరు తొమ్మిది మందికి ముందుగాల్నే తెల్సట గదా, వనభోజనాల కాడ నేను ఉరుకుతుంటె చూసుకుంట కూసున్నరట గదా, అన్నది. ఒక్కలన్న నాకు చెప్పాలనుకున్నరా మేడం, గా ఆటో కావాల్ననే తోలిచ్చిన్రా, లేకుంటె యాది మర్సిన్రా, గంతే చెప్పండ్రి, అన్నది. మర్చిపోయానని నేను తల్లితో అన్నది దానికి తెలిసే ఉంటుంది. అయినా అడిగింది.

కావాలనే పంపాను అన్నాను.

తల ఊపింది. అవ్వకు చెప్పను తియ్యండి, అన్నది. మెట్లు మెల్లగా, ఒక్కొక్కటే దిగింది. ఇంతకుముందు రెండేసి దిగేది.

నవంబర్ 23, ఆదివారం

మేళాకు జనం బాగా వచ్చారు. అనుకున్నదానికంటే చాలా ఎక్కువ. పదకొండింటికే సకినాలు అయిపోయాయి. నా ప్రకటన వల్లేనని రోజారాణి గారు మైకులో చెప్పారు, నేను చేతులు జోడించాను.

రేవతి రాదనుకున్నాం. వచ్చింది. సర్వపిండి పెనాల దగ్గర నిలబడి తానే కాల్చి అమ్మింది. వచ్చిన వాళ్లంతా సర్వపిండి కొనుక్కొని, దాని మొఖం చూసి, కొంచెం ఎక్కువసేపు నిలబడ్డారు. ఒక ముసలమ్మ గడ్డం పట్టుకొని, కూసో బిడ్డా, నిలవడకు, అన్నది. రేవతి, కూసుంటె మీరు కొంటరా అవ్వా, అన్నది. చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. రాజక్క నవ్వలేదు. పక్క పెనం మీద నూనె పోస్తూ ఉంది.

తల్లీబిడ్డా మాట్లాడుకున్నారు. మంట తగ్గియ్యి, అట్లకాడ ఇటియ్యి. అంతవరకు.

నవంబర్ 24, సోమవారం

పొద్దున బస్సు. నేను వెళ్లలేదు.

డిసెంబర్ 12, శుక్రవారం

ఆపరేషన్ అయింది. లేచి కూర్చుంటోందట. పోలీసు ఉద్యోగం మాత్రం ఇక లేనట్టేనని డాక్టర్ చెప్పాడట. అది రేవతే ఫోన్ చేసి చెప్పింది. మీరు ఆటోల ముందుగాల్నే చెప్పిచ్చిన్రు గాబట్టి ఇన్నప్పుడు అంత అనిపియ్యలే మేడం, అన్నది. ఆ వెనకే రాజక్క ఫోన్ గుంజుకొని, మీరు యాది మర్సుడే నయమైంది మేడం అన్నది.

ఇద్దరికీ ఊఁ అన్నాను.

రూట్ ఫార్వర్డ్ చేసిన ఆ సాయంత్రం నాకు మార్కండేయ గల్లీ గుర్తుందో లేదో, ఇరవై ఐదు రోజులుగా ఆలోచిస్తున్నాను. ఒకరికి అబద్ధం చెప్పాను. ఎవరికో నాకు తెలియదు.