వస పోయని పిల్ల

2023 ఏప్రిల్ 9, ఆదివారం

హారిక వద్దంది. అందరి ముందూ, మా అత్తయ్య మొహం మీదే.

హారిక మా మామిడితోటలో పనిచేసే భవాని కూతురు. కాలేజీలో నా బోటనీ క్లాసులో మూడేళ్ళూ ముందు బెంచీలో కూర్చుంది. ఇవాళ తన పాప అక్షయకి ఇరవయ్యొకటో రోజు. ఉయ్యాలలో వేశారు. ముసునూరులో ఎవరింట పిల్ల పుట్టినా వస పోసేది మా అత్తయ్య వెంకాయమ్మే. ఆముదం దీపం మీద వసకొమ్ము కాల్చి, సానరాయి మీద తల్లిపాలతో అరగదీసి, నాలిక్కి రాస్తుంది. మాటలు త్వరగా, స్పష్టంగా వస్తాయని. ఆవిడ హస్తవాసి మంచిదని ఊరంతా అంటారు.

ఇవాళా వేలికి అద్దుకుని వంగింది. హారిక పిల్లని గుండెకి హత్తుకుని పక్కకి తిరిగింది.

"వద్దండీ పెద్దమ్మగారూ. ఆరు నెలల దాకా పాలు తప్ప ఏమీ పట్టను."

భవాని కూతురి తొడ మీద గిల్లడం చూశాను. సీజన్ మధ్యలో పని పోతుందని భయం. అత్తయ్య నావైపు చూసింది. హారికా నావైపే చూసింది. నేను ఉయ్యాల తాడు సర్దాను.

ఏప్రిల్ 10, ఉదయం 5.30

సెకండియర్ పేపర్ గుర్తొచ్చి మెలకువ వచ్చేసింది. వస మీద ఐదు మార్కుల ప్రశ్న. అందులో బీటా ఆసరోన్ అనే రసాయనం ఉంటుందని, చంటిపిల్లలకి వాంతులు, మగత రావచ్చని, కడుపుతో ఉన్నవాళ్ళూ పాలిచ్చేవాళ్ళూ డాక్టర్ని అడక్కుండా వాడకూడదని హారిక అరపేజీ ఎక్కువ రాసింది. అడగనిది రాసిందని ఒక మార్కు కోశాను.

ఏప్రిల్ 16

వారం నుంచి అత్తయ్య ముభావం. భవానీ పనికి రావడం లేదు. ఇవాళ ఆవకాయకి కాయలు తుడుస్తూ, అది నిజంగా చెడ్డదా అని అడిగింది. అందరికీ ఏమీ కాకపోవచ్చు, కానీ ఏ పిల్లకి ఎంత పోస్తే ప్రమాదమో ఎవరూ చెప్పలేరు, మాటలొస్తాయన్నదానికి రుజువూ లేదు అన్నాను.

"మరి మన కీర్తికి పోస్తుంటే గిన్నె పట్టుకుని నిలబడ్డావుగా. అప్పటికి చదువుకోలేదా నువ్వు?"

అప్పటికే ఎమ్మెస్సీ. కొత్త కోడలి భయం, అనలేదు. మా అమ్మాయి కీర్తిప్రియ ఆ సాయంత్రం రెండుసార్లు కక్కింది. దిష్టి అన్నారు. ఉప్పు నేనే తిప్పి పడేశాను.

నేను అనలేని మాట హారిక అంది. అదీ మా తోటలో తల్లి కూలి చేస్తుండగా. సిగ్గుగా ఉంది. సిగ్గు కంటే గర్వం ఎక్కువగా ఉంది. అదే అత్తయ్యతో చెప్పేశాను. ఆవిడ ఇంకో కాయ తీసుకుంది. సాయంత్రం మాత్రం, భవానిని రేపటి నుంచి పనికి రమ్మనమని కబురంపింది.

2024 మే 3

అక్షయకి పద్నాలుగో నెల. ఇంకా ఒక్క మాట లేదు.

జూన్ 21

హారిక పక్కింటి రాజేష్ కొడుకు అక్షయ కంటే నెల చిన్న. తాత, అత్త అంటున్నాడు. వాడికి వస పోశారు. ఈ పిల్లకి వస బదులు చదువు పోశారమ్మా అని తోటలో ఆడవాళ్ళు నవ్వుకుంటున్నారట. భవాని చెప్పి ఏడ్చింది.

ఇవాళ హారికతో నేనూ విజయవాడ వెళ్ళాను. వినికిడి పరీక్ష. చెవులు బాగున్నాయి, పిలిస్తే తిరుగుతోంది, కావాల్సింది వేలితో చూపిస్తోంది, బాగా మాట్లాడించండి, రెండు నెలల తర్వాత మళ్ళీ తీసుకురండి అన్నారు డాక్టరుగారు.

వసకీ మాటకీ సంబంధం లేదని క్లాసులో చెప్పగలను. ఒళ్ళో కూర్చుని ఆ పిల్ల నోరు మెదపకుండా నన్నే చూస్తుంటే చెప్పలేను. తిరుగు బస్సులో, మనం తప్పు చేశామా అని అడిగింది నేనే.

"వస పోయకపోతే మాటలు రావని ఏ పేజీలో ఉంది మేడమ్?" అంది హారిక.

కిటికీ వైపు తిరిగాను. సగం దారి దాటేదాకా ఆ పిల్లకి ఒక్కొక్క చెట్టూ పేరు పెట్టి చూపించాను.

జులై 14, సాయంత్రం 6

అక్షయకి జలుబు. హారిక మా ఇంటికి తీసుకొచ్చింది. ఏడాది దాటిందిగా, ఇప్పుడేం భయం అంటూ అత్తయ్య వాము కషాయం చెంచాలో పోసి నోటి దగ్గర పెట్టింది.

అక్షయ తల తిప్పేసింది. "వద్దు" అంది.

అత్తయ్య చెంచా వెనక్కి తీసుకుంది.

"స్పష్టంగానే అందే" అని, కషాయం అత్తయ్యే తాగేసింది.