మేస్త్రీని ఏమని పిలవాలి

మార్కాపురం, 3 ఫిబ్రవరి 1958

ప్రేమగల రత్నమ్మక్కకు నీ చెల్లెలు జ్ఞానమ్మ వందనాలు.

పలకల షెడ్డులో పనికి కుదిరి పదిరోజులైంది. నాయన పోయినాక అమ్మకు ఇప్పుడే కాస్త ధైర్యం వచ్చింది. పెళ్ళికి ముందు నువ్వు కూర్చున్న చోటే కూర్చుని రాతిపలకలకు కొయ్య చట్రాలు బిగిస్తున్నాను. వేళ్ళన్నీ బొబ్బలే. మేస్త్రీని ఏమని పిలవాలని నిన్నడిగితే 'బావా' అనమన్నావు గదా, అట్లే పిలిచినాను. గిద్యోను మేస్త్రీ భలే సంతోషపడి, "రత్నమ్మ చెల్లెలివంటే నాకు మరదలివే" అన్నాడు. మంచివాడే అనుకుంటా. కానీ ఆయన వచ్చి వెనక నిలబడితే నాకు చెయ్యి ఆడదు. అట్లెందుకో నాకే తెలియదు.

దొనకొండలో ఉన్న మా అసలు బావను అడిగినానని చెప్పు.

నీ జ్ఞానమ్మ


దొనకొండ, 9 ఫిబ్రవరి

చిట్టి చెల్లెలు జ్ఞానానికి అక్క ముద్దులు.

ఇరవై రెండేళ్ళొచ్చినా నీ భయం పోలేదా? నోరు మంచిదైతే ఊరు మంచిది. ఆయన మన చర్చిలో సంఘపెద్ద, నాయన సమాధి దగ్గర ప్రార్థన చేసిన మనిషి. నవ్వితే నవ్వు, తలొంచుకుని పని చేసుకో. గోడౌన్‌లోకి మాత్రం ఊరికే పోవద్దు. అక్కడ దుమ్మెక్కువ, నీకసలే దగ్గు.

నీ క్షేమం కోరే అక్క


మార్కాపురం, 2 మార్చి

అక్కా,

ఎవరినడగాలో తెలియక నిన్నడుగుతున్నాను. పోయిన వారం మేస్త్రీ పలకలు సరిచూడాలని గోడౌన్‌లోకి పిలిచి, తలుపు దగ్గరగా వేసి నా మణికట్టు పట్టుకున్నాడు. విదిలించుకుంటే నవ్వి, "మరదలి చెయ్యి పడితే తప్పేంది? బావా అని పిలిచింది నువ్వే గదా" అన్నాడు.

పిలిచింది నిజమే. మరి తప్పు నాదా? వరసైనవాళ్ళు సరసమాడుకోవడం మన ఇళ్ళల్లో మామూలే. మన బావ జడ లాగితే నేను పగలబడి నవ్వుతాను. మరి ఇక్కడ ఏడుపెందుకొచ్చింది? చెయ్యి మూడుసార్లు కడుక్కున్నాను. ఆదివారం గుడిలో ఆయన కీర్తన పాడుతూ కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు, నిజంగానే ఏడ్చినాడు. అట్లాంటి మనిషిని నేనే చెడ్డగా అనుకుంటున్నానా? మర్నాడు నా చట్రాలు ముప్పై పనికిరావని పక్కన పడేసినాడు, వాటి కూలి పోయినట్లే. ఎప్పుడూ చేసినట్లే చేసినానక్కా. మానేద్దామంటే అమ్మ ముఖం గుర్తొస్తుంది. మింగలేక, కక్కలేక ఉన్నాను. వెంటనే రాయి.

జ్ఞానమ్మ


మార్కాపురం, 30 మార్చి

అక్కా,

నెలరోజులైంది, నీ దగ్గరనుంచి ఒక్క ముక్క లేదు. నా పక్కన కూర్చునే ఆదెమ్మ పెద్దమ్మతో చెప్పుకుని ఏడ్చినాను. "మీ అక్క గూడ ఒకనాడు ఆ గోడౌన్‌లోనుంచి బయటికొచ్చి, సద్దిగిన్నె గూడ తీసుకోకుండ ఇంటికి పాయ. మళ్ళ రాల్యా" అంది. ఆరోజు నువ్వు మాతో కడుపునొప్పన్నావు. నీకు తెలిసే నన్ను ఇక్కడికి పంపినావా?

ప్రేమతో అని రాయడానికి చెయ్యి రావడంలేదు.

జ్ఞానమ్మ


దొనకొండ, 4 ఏప్రిల్

జ్ఞానం,

తెలిసే పంపినాను.

మీ బావతో కూడా ఎప్పుడూ చెప్పలేదు. బావా అని అందరూ పిలిచేదే, నాకు మాత్రమే అట్ల జరిగిందంటే నాలోనే ఏదో లోపముందని అనుకున్నాను. నీలో లేదుగదా, నీకేం కాదని నన్ను నేను నమ్మించుకున్నాను. వెళ్ళొద్దంటే ఎందుకని అడుగుతావు. అది చెప్పలేక దుమ్ము అని రాసినాను. నాకు సిగ్గుగా ఉంది.

నాతో అన్న మాటే నీతోనూ అన్నాడని చదివినాక అర్థమైంది. తప్పు నీది కాదు, నాదీ కాదు. ఈ ఒక్క మాట రాయడానికి నెల పట్టింది. రేపటినుంచి అందరి ముందూ 'అన్నా' అని పిలువు. గోడౌన్‌లోకి ఒంటరిగా పోవద్దు. నా సంగతి షెడ్డులో ఎవరికైనా చెప్పు, నా పేరు పెట్టే చెప్పు.

క్షమించమని అడగలేని నీ అక్క


మార్కాపురం, 27 ఏప్రిల్

అక్కా,

పిలిచినాను. షెడ్డంతా చేతులాపి చూసింది. "ఏందీ, నిన్నటిదాకా బావ, ఈయాల అన్ననా?" అన్నాడు. "తోడబుట్టినదాన్లెక్క చూసుకుంటావని" అన్నాను. ఆ సాయంత్రం నలభై చట్రాలు పక్కన పడేసినాడు. నీ సంగతి ఆదెమ్మ పెద్దమ్మకు నీ పేరు పెట్టే చెప్పినాను.

మర్నాడు ఆదెమ్మ పెద్దమ్మ ఆయన్ను 'తమ్ముడా' అని పిలిచింది. తర్వాత ఎదురు వరసలో కూర్చునే శ్రీశైలమ్మ పలకమీదనుంచి తలెత్తకుండానే 'అన్నా' అంది. మధ్యాహ్నానికి షెడ్డులో ఆడవాళ్ళందరూ అదే పిలుపు. మనమిద్దరమే కాదని అప్పుడు తెలిసింది. యజమాని ప్రభాకరరావుగారు విని, "ఒక్కరోజులో ఇంతమంది చెల్లెళ్ళా!" అని నవ్వబోయినాడు. ఎవరూ నవ్వలేదు. "ఇకనుంచి పలకలు వసారాలో చూడమనయ్యా, గోడౌన్‌లో ఎలుతురు లేదు" అంది పెద్దమ్మ. ఆయన మేస్త్రీ ముఖం కాసేపు చూసి సరేనన్నాడు. అర్థమై అన్నాడో, కాకుండా అన్నాడో.

గిద్యోను ఇంకా మేస్త్రీయే. ఇంకా కీర్తనలు పాడుతూ ఏడుస్తాడు. ఆ ఏడుపేమిటో నాకింకా తెలియదు. నీమీద కోపమూ పూర్తిగా పోలేదు.

నిన్న కంభంనుంచి వచ్చిన ఒక కొత్తకోడలు పనిలో చేరింది. నా పక్కన కూర్చుని, "మేస్త్రీని ఏమని పిలవాలక్కా?" అని అడిగింది.

"అన్నా అను. గోడౌన్‌లోకి రమ్మంటే నన్ను పిలువు" అన్నాను.

నీ చెల్లెలు,
జ్ఞానమ్మ