మీ టోపీ మా ఇంట్లో ఉంది

కోక్-బులాక్ గ్రామం, నారిన్ వైపు,
నవంబరు 4.

గౌరవనీయులైన దూలత్ మెదెరోవిచ్ గారికి,

ట్రాక్టరు కసీం భార్య బుర్మాకాన్ సలాం చెప్పి రాసుకునేది. మీరూ, మీ ఇంట్లో వాళ్ళూ, మీకు గొర్రెలూ గుర్రాలూ ఉంటే అవీ సుఖంగా ఉన్నారని తలుస్తాను. ఇక్కడ మేమూ మా పశువులూ క్షేమం. గడ్డి కోసి వాములు వేసేశాం. కొండల మీద మొదటి మంచు పడింది. ఈ ఏడు ఉర్లగడ్డలు బాగా ఊరాయి.

నేనెవరో మీకు గుర్తుండకపోవచ్చు. ఓట్ల కోసం మీరు ఎన్ని ఊళ్ళు తిరిగారో, ఎంతమంది చేతి రొట్టె తిన్నారో! ఒక గుర్తు చెప్తాను. మీ కారు ఏటి మధ్యలో ఆగిపోయిన ఊరు మాది. మీరు తడిసి ముద్దయి మా ఇంటికొస్తే మా ఆయన ఉన్ని మేజోళ్ళు తెచ్చి ఇచ్చింది నేను. మీరు ఆ మేజోళ్ళతోనే కారెక్కి వెళ్ళిపోయారు. పొయ్యి పక్కన ఆరేసిన మీ తెల్ల కల్పాక్ టోపీ ఇక్కడే ఉండిపోయింది. మేజోళ్ళ గురించి బెంగ లేదు, ఉంచుకోండి. మగవాడి టోపీ సంగతి వేరు కదా. నేల మీద పెట్టలేదు, ఎవర్నీ నెత్తిన పెట్టుకోనివ్వలేదు. ఇంట్లో అన్నిటికన్నా ఎత్తయిన కొక్కేనికి తగిలించాను. మీ గురించి మా ఊరివాళ్ళు ఏమనుకున్నా, మీ టోపీకి మాత్రం మర్యాద తక్కువ చెయ్యలేదు.

ఎన్నికల్లో ఓడిపోయారని విన్నాం. గెలిచిన ఇల్యాస్ బెకెనోవిచ్ గారికి ఇప్పుడు మా ఉత్తరాలు చదివే తీరిక ఉండదు. ఓడినవారైతే చదువుతారని మీకు రాస్తున్నాను. కోపం తెచ్చుకోకండి, నాకు నోరు కాస్త పెద్దదని మా అత్తగారే అనేది. ఇంకో మాట కూడా వినండి, మీకు కాస్త ఊరటగా ఉంటుంది. మా ఊళ్ళో ఆయనా గెలవలేదు. ఓటు కాగితంలో అందరి పేర్లకీ అడుగున "అందరికీ వ్యతిరేకం" అని ఒక గడి ఉంటుంది చూడండి, మా ఊళ్ళో గెలిచింది అది. అది ఎందుకు గెలిచిందో చెప్పాలంటే మా అమ్మాయి పెళ్ళి సంగతి చెప్పాలి.

మా ఆయన కసీం, మా వీధి చివర ఒముర్జాక్, ఇద్దరూ చిన్నప్పట్నుంచి ఒకే కంచంలో తిన్నవాళ్ళు. వేసవిలో మందలతో పైకి పోతే ఇద్దరి గుడారాలూ పక్కపక్కనే. అలాంటివాళ్ళని కిందటి అధ్యక్ష ఎన్నికలు విడగొట్టాయి. ఏటి మీద వంతెన కట్టిస్తానని ఒకాయన వచ్చాడు. మా ఆయన నమ్మి, ట్రాక్టరుకి జెండా కట్టుకుని ఊరూరా తిరిగాడు. అదే వంతెన నేనూ కట్టిస్తానని ఇంకొకాయన వచ్చాడు. ఒముర్జాక్ ఆయన్ని నమ్మాడు. మా వాడు గెలిచాడు. ఆయన రాజధానిలో కుర్చీ ఎక్కాడు, వంతెన ఊసే లేదు.

ఇక ఒముర్జాక్‌కి పండగే. టీ కొట్టు దగ్గర పదిమందిలో, "ఏరా కసీం, వంతెన మీంచి నడిచొచ్చావా? మరి బూట్లు తడిశాయేం?" అన్నాడట. మా ఆయన తక్కువ తిన్నాడా? "మీ వాడే గెలిచుంటే వంతెన మాట దేవుడెరుగు, ఏటినే అమ్ముకుని పోయేవాడు" అన్నాడట. మాటా మాటా పెరిగింది. అంతే, మాటలు లేవు. వేసవిలో గుడారాలు ఒకదానికొకటి వీపు పెట్టుకుని నిలబడ్డాయి.

పెద్దవాళ్ళు మొహాలు తిప్పుకుంటే పిల్లలు మొహాలు చూసుకున్నారు. మా ఐజిరెక్ ఊళ్ళో నర్సు. ఒముర్జాక్ కొడుకు ఎల్దార్ పశువుల డాక్టరు. ఆవిడ మనుషులకి సూదులేస్తుంది, ఆయన గొర్రెలకేస్తాడు. సూదుల దగ్గరే మనసులు కలిశాయనుకుంటాను. ఒముర్జాక్ భార్య సాల్కిన్ నాకు బళ్ళో చదువుకున్న నాటి స్నేహితురాలు. మా ఇద్దరికీ ఈ సంబంధం తేనె తిన్నట్టుంది. కానీ ఆచారం మీకు తెలియంది కాదు. అబ్బాయి తండ్రి వచ్చి మా ఇంట కూచుని రొట్టె తుంచందే అబ్బాయి తల్లి మా పిల్ల చెవులకి పోగులు పెట్టి సంబంధం ఖాయం చేసుకోవడానికి లేదు. ఒముర్జాక్ ఏమో "ఆ గుమ్మం తొక్కను" అంటాడు. మా ఆయన "తొక్కమని బతిమాలిందెవరు?" అంటాడు. చివరికి మా పిల్ల విసిగిపోయి, "అమ్మా, మంచు పడేలోగా తేల్చండి. లేదంటే మేమిద్దరం నగరానికి పోయి సంతకాలు పెట్టేసుకుంటాం. మీ దీవెనలు పోస్టులో పంపండి" అంది. నాకు ఆ రాత్రి నిద్ర పట్టలేదు. ఉన్నది ఒక్కగానొక్క పిల్ల. చెవిపోగులు లేకుండా, పాట లేకుండా ఇల్లు దాటితే ఎలా తట్టుకోను?

ఇంతలో మీ ఎన్నికలు వచ్చాయి. మా ఆయన మీ బొమ్మ తెచ్చి ఒముర్జాక్ ఇంటివైపు చూసేట్టు మా గేటుకి అంటించాడు. ఒముర్జాక్ ఇల్యాస్ గారి బొమ్మని మా వైపు చూసేట్టు అంటించాడు. బయటికి అంత వీరావేశం. ఇంట్లో మాత్రం మీరు టీవీలో కనపడగానే మా ఆయన, "కట్టెయ్యవే, వీడి మాటలు విని దూడ కూడా మేత మానేసింది" అనేవాడు. తప్పుగా అనుకోకండి, ఉన్నమాట రాస్తున్నాను. ఒముర్జాక్ కూడా ఇంట్లో ఇల్యాస్ గారిని అంతకన్నా ముద్దుగా తిట్టేవాడని సాల్కిన్ చెప్పింది. ఇద్దరికీ ఎవరి మీదా నమ్మకం లేదు. అందరూ అందరేనని ఇద్దరికీ తెలుసు. కానీ ఆ మాట పైకి అంటే రెండోవాడు నవ్వుతాడేమోనని మొండితనం.

మీరు వచ్చిన రోజు సంగతి. మా ఇంట్లో విందు. గొర్రెని కోశాం, పులిసిన గుర్రం పాలు తెప్పించాం. మీ కారు ఏటిలో దిగేసరికి పక్కనే ఇల్యాస్ గారి కారూ దిగింది. నువ్వు ఆగంటే నువ్వు ఆగంటూ డ్రైవర్లిద్దరూ హారన్లు కొట్టుకుని, నడి ఏటిలో ఇద్దరూ ఆగిపోయారు. మీకు తెలిసింది అంతవరకే. ఒడ్డున ఏం జరిగిందో మీకు తెలీదు. మా ఆయన ట్రాక్టరు తెచ్చాడు గానీ గొలుసు లేదు. ఊరందరికీ ఉన్న ఒక్క పెద్ద గొలుసు ఒముర్జాక్‌ది. ఒముర్జాక్ గొలుసు భుజాన వేసుకుని వచ్చి, మాట్లాడకుండా ఒక కొస మా ఆయన చేతికిచ్చాడు. మా ఆయన మాట్లాడకుండా పుచ్చుకున్నాడు. నేనూ సాల్కిన్ ఒకరి చెయ్యి ఒకరం గిల్లుకున్నాం. ఇల్యాస్ గారు కారు కప్పెక్కి ఫోను చేస్తూ కూచున్నారు, మా ఏటి దగ్గర సిగ్నల్ ఎక్కడిది? మీరు మాత్రం బూట్లతోనే దిగి, మొల లోతు నీళ్ళలో కారు తోశారు. అది నేను చూశాను.

రెండు కార్లూ ఒడ్డెక్కాక ఇల్యాస్ గారూ మా ఇంటికే వచ్చారు, ఆయన వెంట ఒముర్జాకూ రాక తప్పలేదు. మీకు పక్క గదిలో పొడిబట్టలు ఇచ్చాను. మీరు మార్చుకుంటూ ఉండగా ఇల్యాస్ గారు ప్రసంగం మొదలుపెట్టేశారు. గుండె మీద చెయ్యేసుకుని, "ఈ నేల వాసన పీలిస్తే మా తాత చెయ్యి పట్టుకుని నడిచిన రోజులు గుర్తొస్తున్నాయి. ఆ తాత మీద ఒట్టు, మీకు వంతెన కట్టిస్తాను" అన్నారు. మేం చప్పట్లు కొట్టాం. తరవాత మీరు మా ఆయన మేజోళ్ళతో వచ్చి నిలబడి, గుండె మీద చెయ్యేసుకున్నారు. అదే నేల, అదే వాసన, అదే తాత, అదే వంతెన! ఇద్దరికీ ఆ మాటలు రాసిచ్చిన మహానుభావుడు ఒకడేనేమో, మీకే తెలియాలి. అప్పుడు మా ఊరి పెద్ద బెయ్‌షెన్ తాత గడ్డం నిమురుకుంటూ, "బాబూ, మీరిద్దరూ అన్నదమ్ముల బిడ్డలా? ఇద్దరికీ తాత ఒకడే అంటున్నారు. కిందటిసారి వచ్చినాయనకీ ఈ తాతే. పాపం, ముసలాయన ఎన్ని ఊళ్ళు నడిచాడో!" అన్నాడు.

ఇల్లంతా గొల్లున నవ్వింది. మా ఆయన కళ్ళల్లో నీళ్ళొచ్చేట్టు నవ్వుతూ తలెత్తాడు. ఎదురుగా ఒముర్జాక్ పొట్ట పట్టుకుని నవ్వుతున్నాడు. ఒకళ్ళనొకళ్ళు చూసుకుని ఇంకా నవ్వారు. ఆ నవ్వు విని ఎన్నాళ్ళయిందో! నేను వంటింట్లోకి పోయి కాస్త ఏడ్చుకుని వచ్చాను.

అప్పుడే తలకాయ ఉడికింది. ఉన్నది ఒక్క గొర్రె, ఒక్క తల. అది ఎవరి ముందు పెడితే వాళ్ళే ఆ పూట పెద్ద అతిథి. మీరు ఒళ్ళో తువాలు సర్దుకున్నారు. ఇల్యాస్ గారు చొక్కా చేతులు పైకి మడుచుకున్నారు. మీ ఇద్దరి మనుషులూ ఫోనులు పైకెత్తారు. మా ఆయన పళ్ళెం పట్టుకుని మీ ఇద్దరి మధ్యా ఒక్క క్షణం ఆగాడు. తరవాత మిమ్మల్ని దాటుకుని, తలుపు దగ్గర ఓ మూల కూచున్న ఒముర్జాక్ ముందుకు పోయి వంగి పెట్టాడు. "ఒరేయ్, వీళ్ళు తినేసి పోతారు. రేపు పొద్దున్న లేస్తే నేను చూడాల్సింది నీ మొహమే కదరా" అన్నాడు.

ఒముర్జాక్ కత్తి చేతిలోకి తీసుకున్నాడు గానీ కొయ్యకుండా మళ్ళీ పళ్ళెం అంచున పెట్టేశాడు. "కసీం, నీకో మాట చెప్పాలిరా. మా వాడు గెలిచినా కట్టేవాడు కాదు" అన్నాడు. ఆ మాట వినడానికి మా ఆయన ఎన్ని చలికాలాలు ఎదురుచూశాడో నాకు తెలుసు. "మా వాడు కట్టడని నాకు ఆ యేడే తెలుసురా. నీ ముందు ఒప్పుకోవాలంటే చచ్చేంత సిగ్గేసింది" అన్నాడు మా ఆయన.

ఒముర్జాక్ మళ్ళీ కత్తి తీసి, ముందుగా గొర్రె చెవి కోసి ఎల్దార్‌కిచ్చి, "మామగారి మాట వినరా" అన్నాడు. మామగారు అని! అందరూ విన్నారు. తరవాత రెండు కళ్ళూ తీసి, ఒకటి తను తిని ఇంకోటి మా ఆయన నోట్లో పెట్టాడు. ఒకే గొర్రె కళ్ళు పంచుకున్నవాళ్ళు ఇక ఒకరినొకరు చూడకుండా ఉండకూడదు. సాల్కిన్ ఇక ఆగలేదు. అప్పటికప్పుడు జేబులోంచి చెవిపోగులు తీసి మా పిల్ల చెవులకి పెట్టేసింది. అక్కడ ఆడవాళ్ళు పెట్టిన కేకలు మీకోసమని మీరు చెయ్యూపారు. మీరు సంతోషించారు కదాని మేం ఏమీ అనలేదు. మీ పళ్ళెంలో తొడ ఎముక పడింది. అదీ మంచి ముక్కేనండీ, చిన్నబుచ్చుకోవద్దు.

ఓట్ల రోజున మా ఆయనా ఒముర్జాక్ ఒకే ట్రాక్టరు మీద బడికి పోయారు. "ఎవరికేశావురా?" అని ఇతను, "రహస్యం" అని అతను, "నాదీ అదే రహస్యం" అని ఇతను. దారి పొడుగునా నవ్వుతూనే వచ్చారు. సాయంత్రం లెక్క చదివినప్పుడు "అందరికీ వ్యతిరేకం" అని వినగానే బడి ముందు డాన్సులు మొదలయ్యాయి. ఎవరూ గెలవనందుకు అంత సంబరపడిన ఊరు ఇంకోటి ఉండదు. మీ బొమ్మా ఇల్యాస్ గారి బొమ్మా ఇప్పుడు మా కోళ్ళగూటికి గాలి కొట్టకుండా పక్కపక్కనే ఉన్నాయి. కోళ్ళు బాగానే గుడ్లు పెడుతున్నాయి.

పెళ్ళి ఈ నెల ఆఖరి శనివారం. మీ టోపీ పార్సిల్లో పంపేస్తానని మా ఆయన అన్నాడు, నేను ఒప్పుకోలేదు. టోపీ కోసం మనిషే రావాలి. ఈసారి బొమ్మలూ మైకులూ లేకుండా ఊరికే రండి. ప్రసంగం వద్దు, తాతని తీసుకురావద్దు. సొంత తాత ఉంటే ఆయన సంగతి చెప్పండి, వింటాం. కొత్త వియ్యంకులిద్దరి మధ్యా మీకు చోటు పెట్టించే పూచీ నాది.

మీ టోపీకి కాపలా కాస్తున్న,
బుర్మాకాన్.

తా.క.: ఈ మాట మా ఆయనకి తెలీదు, ఒముర్జాక్‌కీ తెలీదు. మీరిద్దరూ ఒకే రోజు, ఒకే వేళకి రావడం దేవుడి పని కాదు. మీ ఆఫీసుకి ఫోన్ చేసి పిలిచింది నేను. ఇల్యాస్ గారి ఆఫీసుకి సాల్కిన్ ఫోన్ చేసి, దూలత్ గారు వస్తున్నారు, మీరు రాకపోతే ఊరంతా అటు పోతుందని భయపెట్టింది. తన నాయకుడొస్తే ఒముర్జాక్ మా గుమ్మం తొక్కక తప్పదు కదా. ఇంకోటి. ఏరు దిగక్కర్లేకుండా కొండ మీంచి చుట్టుదారి ఉంది. కాస్త దూరమే గానీ బూట్లు తడవవు. మీ డ్రైవరు దారి అడిగితే నేను ఆ దారి చెప్పలేదు. వంతెన మాట చెప్పేవాళ్ళు ఒక్కసారైనా ఆ నీళ్ళలో దిగాలని నాకూ సాల్కిన్‌కీ ఉండేది. మా ఊళ్ళో మీకు పడింది ఒకే ఒక్క ఓటు. అది ఎవరిదో తెలీక జనం ఇప్పటికీ ఒకరినొకరు అనుమానిస్తున్నారు. మా ఆయనైతే బెయ్‌షెన్ తాతదే అంటాడు. అది నాది. మీ వాగ్దానాలు చూసి వేసింది కాదు, మీ తడిసిన బూట్లు చూసి వేసింది. పెళ్ళికి మాత్రం చుట్టుదారిలోనే రండి.