ఒప్పుకున్నాక ఏమైంది

అక్కా,

కోపం తగ్గిందా? వెనక గది నాకోసం ఊడ్చి ఉంచానని, ఈ నెలాఖరులోగా ఏ సంగతీ చెప్పకపోతే అద్దెకిచ్చేస్తానని రాశావు. "నాకేం, ఒక్కదాన్నే హాయిగా ఉన్నాను" అని ఫోన్లో చెప్పానుగా. బావ లేకపోయినా నీ ఇల్లు వచ్చేపోయేవాళ్ళతో కళకళలాడుతుంది. మధ్యలో నేనెందుకు?

మా నిఘంటువు ఆఫీసులో ఈసారి నా వంతుకొచ్చిన మాట 'ఒప్పుకోవడం'. మనసొప్పక, ఇక తప్పక ఒప్పుకునే వాక్యాలు నవలల్లోంచి ఏరాలి. ఆ ఒక్క మాట కోసం పేజీల మీద కళ్ళు పరిగెత్తించడం, దొరకగానే వాక్యాన్ని కార్డు మీద ఎక్కించి పుస్తకం మూసెయ్యడం, ఇదే పని. ఒకాయన కళ్ళజోడు తుడుచుకుంటూ ఒప్పుకున్నాడు. ఒకావిడ కూరగాయలు తరుగుతూ, తలెత్తకుండా ఒప్పుకుంది. ఎదుటి మనిషి మొహం చూసి ఒప్పుకున్నవాళ్ళు ఒక్కరూ లేరు. ఆ తర్వాత వాళ్ళేమయ్యారో మాత్రం నాకు తెలియదు. "ఇన్ని నవలలు తిరగేశారు, ఒక్క కథైనా చెప్పండమ్మా" అని మా ఎడిటరుగారు ఆటపట్టిస్తే ఇంకో నవల ముందుకు లాక్కుంటాను.

నిన్న ఇంకో సంగతి గమనించాను. ఖాళీ గదిలో ఎవరూ ఒప్పుకోలేదు. వినడానికి పక్కన ఎవరో ఒకరున్నారు. నాకెవరున్నారు? ఈ మధ్య సాయంత్రం తాళం తీసి, 'వచ్చాను' అని పైకే అంటున్నాను. అనేసి, చెప్పులు విడిచి, గుమ్మంలోనే కాసేపు నిలబడిపోతున్నాను.

నీ మొహం కనబడదు గనక రాసేస్తున్నాను. హాయిగా లేనక్కా. అస్సలు లేను.

నీ
పుస్తకాల పురుగు

*

ఒసే పురుగూ,

ఒప్పుకున్నాక ఏమవుతుందో తెలియదన్నావుగా, చెప్తా విను. ఆ గది అద్దెకిస్తానన్నది ఉత్తిదే. ఎవర్నీ అడగలేదు. వచ్చేపోయేవాళ్ళు మీ బావ కోసం వచ్చేవాళ్ళే, ఆయనతోనే ఆగిపోయారు. చీకటి పడగానే ఆ గదిలో లైటు వేసి, లోపల మనిషి ఉన్నట్టే వంట చేసుకుంటున్నాను. "మా చెల్లి ఒంటరిది పాపం, అందుకే పిలుస్తున్నా" అని ఇరుగుపొరుగు అందరికీ గొప్పగా చెప్పుకున్నాను. నువ్వు ఫోన్లో హాయిగా ఉన్నానన్న రోజు నాకు తిండి సయించలేదు.

పెద్దదాన్ని, ముందు నేనే నోరు విప్పాల్సింది. పరువు అడ్డొచ్చింది.

సామాను మెల్లగా తెచ్చుకుందువుగాని, ముందు నువ్వు బయల్దేరు. గుమ్మంలో నిలబడి 'వచ్చాను' అను. 'రావే' అనడానికి నేనున్నాను.

నీ
అక్క