అతికించిన నవ్వు

జూలై 3

గొంతిచ్చే ఆ మేడమ్ వల్ల ఇవాళా లేటే. పాత నవల చదివి ఆడియో పుస్తకం చెయ్యాలి, అంతే కదా! పదో క్లాసు మధ్యలో మానేసి ఈ స్టూడియోలో ఎడిటింగ్ చేసుకునే నాకే అర్థమైంది. హీరో భార్యని చెంపమీద కొడతాడు. ఆమె కిలకిలా నవ్వుతుంది. మేడమ్ "ఆమె నవ్వింది" అని చదివి ఊరుకుంది. నవ్వి చూపించమంటే ససేమిరా అంది.

దెబ్బ సౌండ్ కోసం నా తొడ నేనే చరుచుకున్నాను. కందిపోయింది.

జూలై 4

టీ తాగేటప్పుడు అడిగేశాను, రాసింది చదవడానికి మీకేం నొప్పి మేడమ్ అని. ఆవిడ కోప్పడలేదు. ఆ సీన్ని ఎవరి కళ్ళతో చూస్తున్నావు బాబూ అంది. హీరో కళ్ళతో, కథ ఆయనదేగా అన్నాను. మరి దెబ్బ తగిలింది ఎవరికి అంది. ఆమె చెంప ఏమైందో ఎక్కడైనా రాశారేమో వెతుక్కోమంది.

చదువుకున్నవాళ్ళతో ఇదే గోల. ఒళ్ళు మండింది.

జూలై 5

రికార్డింగ్ మొత్తం విన్నాను. కొట్టినందుకు అతను ఎంత కుమిలిపోయాడో ఒక పేరా ఉంది. ఆమె చెంప గురించి ఒక్క ముక్క లేదు. నా తొడ ఇంకా మండుతోంది.

ఆ పుస్తకంలో ఆమెకి నవ్వడం తప్ప వేరే పని లేదు. తిట్టినా నవ్వే.

జూలై 7

అక్కావాళ్ళింట్లోనే ఉంటున్నాను కదా. భోజనాల దగ్గర కూర చల్లారిందని బావ అక్క నెత్తిన గరిటెతో ఒక్కటిచ్చాడు. సరదాకేలేవోయ్ బామ్మర్దీ, మీ అక్కకి అలవాటే అని నాకేసి కన్నుగీటాడు.

అక్క నవ్వింది.

ఆ నవ్వు ఏ పేజీలోదో నాకు తెలుసు. కంచం వదిలేసి లేచిపోయాను.

జూలై 8

మేడమ్ నవ్వకపోతే పీడా పోయిందిరా అన్నాడు స్టూడియో ఓనరు. రెండో చాప్టర్లో పిల్లాడితో ఆడే సీన్లో నవ్విందిగా, ఆ ముక్క కోసి ఇక్కడ అతికించెయ్, ఆవిడ గొంతేగా, ఎవడు కనిపెడతాడు అన్నాడు. ఆవిడకి చెప్పక్కర్లేదట. ఆడాళ్ళకి అదో ముచ్చట, పెళ్ళయితే నీకే తెలుస్తుందిలే అని ఇకిలించాడు.

సరే సార్ అన్నాను. నా నోరు పడిపోను.

జూలై 9, ఉదయం

అతికించాను. అతుకు తెలియట్లేదు. దెబ్బ, వెంటనే నవ్వు. పిల్లాడి కోసం నవ్విన నవ్వు.

అదే రోజు, సాయంత్రం

పీకేశాను. ఆవిడ చదివింది చదివినట్టే ఉంచాను. ఓనరు బయటికెళ్ళగానే పుస్తకం రిలీజ్ బటన్ కొట్టేశాను. ఏం చేసుకుంటాడో చేసుకోనీ.

జూలై 11

ఉద్యోగం ఊడింది.

జూలై 12

ఎందుకు పంపేశార్రా అంది అక్క. ఫోన్లో ఆ దెబ్బ సీను పెట్టి వినిపించాను. దెబ్బ. "ఆమె నవ్వింది." తర్వాత మేడమ్ ఊపిరి, అంతే.

పక్కగదిలోంచి బావ అరిచాడు, ఏంటే ఆ చప్పుడు, నువ్వేనా తన్నులు తింటోంది అని. ఇలాంటి జోకులకి అక్క ఎప్పుడూ నవ్వుతుంది.

మళ్ళీ పెట్టు అంది నాతో.