నవ్వించకుండా వెళ్ళిన బావ

ప్రియమైన బావకి,

ఫోను చేస్తే అక్క పక్కన నిలబడి నీ చేత మాట మార్పిస్తుంది. అందుకే రాస్తున్నాను. పక్క మంచం మాస్టారికీ నాకూ జబ్బు ఒకటే, క్లోమంలో గడ్డ. డాక్టరూ ఒకరే. ఇద్దరికీ పొట్టకి చిన్న కన్నాలు పెట్టి, కెమెరాతో చూస్తూ తీసేస్తామన్నారు. మాస్టారికి అలాగే చేశారు. ఆయన అప్పుడే వరండాలో పచార్లు చేస్తూ పేపరు కోసం నర్సుతో పోట్లాడుతున్నారు. నాకు మెలకువ వచ్చేసరికి పొట్ట మీద జానెడుకి పైగా కోత. దగ్గాలంటే దిండు అదుముకోవాలి, మంచం దిగాలంటే ఇద్దరు పట్టుకోవాలి. ఆయన్ని చూస్తే కుళ్ళుగా ఉంది బావా.

నాకే ఎందుకు కోశారని అడిగితే అక్క ఫ్లాస్కు మూత బిగిస్తూ "అవసరమైంది" అంటుంది. అదీ ఓర్చుకున్నాను. నిన్న నువ్వొచ్చావు. చావింట్లో కూడా జనాన్ని కడుపు చెక్కలయ్యేలా నవ్వించి తిట్లు తిన్నవాడివి, వెనక తాళ్ళు కట్టే గౌనులో నన్ను చూసి ఒక్క మాట అనలేదు. గోడ గడియారం వంక చూస్తూ కూర్చుని, "విశ్రాంతి తీసుకో" అని వెళ్ళిపోయావు. అప్పుడే నాకు అనుమానం వచ్చింది. జబ్బు లోపలంతా పాకిపోయింది, అంతేనా? అదే నిజమైతే ఇక సూదులూ మందులూ వద్దు, ఇంటికి వెళ్ళిపోతాను. భయంగా ఉంది బావా. నువ్వైనా నిజం చెప్పు.

నీ బావమరిది

*

ఒరేయ్ బావమరిదీ,

ఎక్కడికీ వెళ్ళక్కర్లేదు, పడుకో. నిన్న వార్డు గుమ్మంలోనే మీ అక్క నా చొక్కా పట్టుకుని ఆపేసింది. "వాణ్ణి నవ్వించారో, ఈసారి నిజంగానే కడుపు చెక్కలవుతుంది. కుట్లు ఊడితే మీరే కూర్చుని కుట్టాలి!" అంది. ఆ గౌను చూడగానే నోటిదాకా వచ్చిన మాట మింగలేక గడియారం వంక చూశాను. నేను నోరు మూసుకుంటే నువ్వు ఇంత పని చేస్తావని నాకేం తెలుసు?

నీ ఉత్తరం చూసి హడలిపోయి, మీ అక్కని వెంటబెట్టుకుని డాక్టరుగారి దగ్గరికి పరుగెత్తాను. గడ్డ పెద్ద రక్తనాళానికి అతుక్కుని ఉందట. కన్నాల్లోంచి విడదీస్తే నెత్తురు ఆగదేమోనని కోశారట. "లోపల చేసిన పని ఇద్దరికీ ఒకటే. మాస్టారు ముందు లేచారు, ఈయన నెమ్మదిగా లేస్తారు" అన్నారు. పరీక్ష రిపోర్టు వచ్చేదాకా నోరు విప్పకూడదని మీ అక్క పంతం పట్టింది. ఇవాళ వచ్చింది.

దిండు పొట్టకి అదుముకో. అదుముకున్నావా? నీ కడుపులో ఒక్క మాట దాగదని అందరం ఆడిపోసుకుంటాం కదా. డాక్టరుగారు బార్లా తెరిచి, మూలమూలా వెతికి, తీసిందంతా పరీక్షకి పంపించారు. గడ్డ మొత్తం వచ్చేసిందట. అది తప్ప నువ్వు కడుపులో ఇంకేమీ దాచుకోలేదట.

నోరు మూసుకోవడం చేతకాని
నీ బావ